డిపెండెన్సీల చిక్కు: అప్‌గ్రేడ్ ఎందుకు మొరాయిస్తుంది, ముడిని ఎక్కడ వెతకాలి?

విజయనగరంలోని ఒక డిగ్రీ కళాశాలలో కంప్యూటర్ ల్యాబు బాధ్యత కొన్నేళ్లుగా నాది. 2023 వేసవి సెలవుల్లో అక్కడి యంత్రాలన్నింటినీ ఉబుంటు అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ 20.04 వెర్షన్ నుంచి 22.04కు మార్చాము. ఎక్కడా ఒక్క తప్పు కూడా చూపకుండా పని పూర్తయింది. వారం తరువాత ఆఫీసు గదిలో ఒక యంత్రం చెడిపోవడంతో, విద్యార్థుల సర్టిఫికెట్లు స్కాన్ చేసే పాత స్కానరును ల్యాబులోని మరొక యంత్రానికి తగిలించవలసి వచ్చింది. ఆ స్కానరుకు తయారీదారు ఎప్పుడో ఇచ్చిన 32 బిట్ల (పాత తరం ప్రాసెసర్లకు రాసిన) సాఫ్ట్‌వేర్ ఒకటే ఉంది. దానిని ఇన్‌స్టాల్ చేయబోతే, ఈ పని చేసేవారందరికీ పరిచయమైన సందేశమే వచ్చింది: "ద ఫాలోయింగ్ ప్యాకేజెస్ హావ్ అన్‌మెట్ డిపెండెన్సీస్", అంటే ఈ ప్యాకేజీలు ఆధారపడినవి దొరకలేదని. ఆ కింద జీలిబ్ అనే లైబ్రరీ (ఇతర ప్రోగ్రాములు వాడుకునే కోడ్ మూట) కావాలి గాని అది ఇన్‌స్టాల్ కావడం లేదన్న వివరం, చివరి వరుసలో "యూ హావ్ హెల్డ్ బ్రోకెన్ ప్యాకేజెస్" అన్న మాట ఉన్నాయి.

దాదాపు రెండు రోజులు ఆ జీలిబ్ చుట్టూనే తిరిగాము. దానిని తీసి మళ్లీ పెట్టబోయాము, వేరే చోటి నుంచి దింపి చూశాము, ఇంటర్నెట్‌లో ఎవరో రాసిన కమాండ్లన్నీ వరుసగా కొట్టాము. జీలిబ్‌లో ఏ లోపమూ లేదు. అసలు కారణం దానికి రెండు మెట్ల అవతల, అంతకు ఏడాది ముందే ఆ యంత్రంలోకి వచ్చిన ఒక చిన్న లైబ్రరీలో ఉంది. పొందూరు నేతగాళ్ల ఇళ్లలో నూలు చిక్కుపడితే, కంటికి కనిపించిన కొసను పట్టుకొని లాగరు. లాగితే ముడి బిగుస్తుంది. పోగు ఎటునుంచి వచ్చిందో చూసుకుంటూ వెనక్కి వెళతారు. ప్యాకేజీల చిక్కు విప్పడానికి కూడా నాకు తెలిసిన దారి అదే. అది ఎందుకు అదే అవుతుందో తెలియాలంటే ఈ ఏర్పాటు ఎలా పనిచేస్తుందో కొంత చూడాలి.

ఉబుంటుకు మూలం డెబియన్. ఇయన్ మర్డాక్ 1993లో ప్రారంభించిన ఈ ప్రాజెక్టులో ఉన్న ఆలోచన ఏమిటంటే, ప్రతి ప్రోగ్రామూ తనకు కావలసినవన్నీ తన వెంటే మోసుకురాకుండా, పది ప్రోగ్రాములకు పనికొచ్చే లైబ్రరీ ఒక్కటే సిస్టమ్‌లో ఉండి, అందరూ దానినే వాడుకోవడం. దీనివల్ల డిస్కులో చోటు మిగులుతుంది. అంతకన్నా ముఖ్యంగా, ఒక లైబ్రరీలో భద్రతా లోపం బయటపడినప్పుడు దానిని ఒక్కచోట సరిచేస్తే దానిపై ఆధారపడిన ప్రోగ్రాములన్నీ బాగుపడతాయి. అందుకు ప్రతిఫలంగా, ఏది దేనిపై ఆధారపడి ఉందో, ఏ వెర్షన్ కావాలో, ఏది దేనితో పొసగదో ప్రతి ప్యాకేజీ ముందుగానే ప్రకటించాలి. ఆ ప్రకటనల మొత్తమే డిపెండెన్సీల వల.

ఈ వలను చూసుకునే పనివారు ఇద్దరు. ప్యాకేజీని విప్పి ఫైళ్లను వాటి స్థానాల్లో పెట్టేది డీపీకేజీ. దానికి తన ముందున్న ఫైలు, ఇప్పటికే సిస్టమ్‌లో ఉన్నవి తప్ప లోకం తెలియదు. కావలసినది లేకపోతే లేదని చెబుతుంది, ఎక్కడ దొరుకుతుందో చెప్పలేదు. దానికి పైన ఉండి, ప్యాకేజీలను నిల్వ ఉంచి సరఫరా చేసే రిపాజిటరీలలో ఏమేమి ఉన్నాయో చూసి, ఏది దింపాలో, ఏది తీసేయాలో లెక్క వేసేది ఆప్ట్. సందేశం ఇద్దరిలో ఎవరిదో గుర్తించడం సగం పని. "అన్‌మెట్ డిపెండెన్సీస్" అనేది ఆప్ట్ లెక్క తేలలేదని చెప్పే మాట. అప్పటికి సిస్టమ్‌లో ఏదీ మారలేదు. ఒక ప్యాకేజీని "ప్రాసెస్" చేస్తుండగా తప్పు వచ్చిందని డీపీకేజీ అంటే, పని మొదలై మధ్యలో ఆగిందని అర్థం. మొదటిదాన్ని చూసి కంగారుపడనవసరం లేదు. రెండోదాన్ని చూసి యంత్రాన్ని ఆపేసి ఇంటికి వెళ్లకూడదు.

ప్యాకేజీలు ప్రకటించే సంబంధాలలో అందరికీ తెలిసినది "డిపెండ్స్". అయితే చిక్కులు ఎక్కువగా పడేది "బ్రేక్స్", "కాన్‌ఫ్లిక్ట్స్" అనే ప్రకటనల దగ్గర. నాకు ఇది కావాలి అని చెప్పేది డిపెండ్స్ అయితే, నేనుండగా అది ఉండరాదు, లేదా దాని ఫలానా వెర్షన్ ఉండరాదు అని చెప్పేవి ఇవి. "ప్రొవైడ్స్" అనేది మరో పేరుతో కూడా నన్ను లెక్కించవచ్చన్న అనుమతి. "రెకమెండ్స్" తప్పనిసరి కాదు గాని ఆప్ట్ దానిని మామూలుగా పాటిస్తుంది. డిపెండ్స్ మాత్రమే ఉంటే లెక్క సులువు, కావలసినవన్నీ తెచ్చుకుంటూ పోతే సరిపోతుంది. ప్రత్యామ్నాయాలు, నిషేధాలు కలిసినప్పుడు మాత్రం, ఎంపిక చేసిన ప్రతి ప్యాకేజీ మరికొన్నింటిని మూసేస్తూ వస్తుంది. ఈ సమస్య సాధారణ రూపంలో ఎన్‌పీ కంప్లీట్ తరగతికి చెందినదని, అంటే ఎన్ని చిక్కులైనా ఎల్లప్పుడూ వేగంగా విప్పగల పద్ధతి ఏదీ ఇంతవరకు కనిపెట్టని సమస్యల కోవలోనిదని, యూరప్ పరిశోధకులు నిరూపించారు. ఆప్ట్ చాలాకాలం అనుభవసిద్ధమైన కొన్ని అంచనా సూత్రాలతో నెట్టుకొచ్చింది. 2025లో వచ్చిన ఆప్ట్ 3.0లో ఈ లెక్క తేల్చే కొత్త సాల్వర్ చేరింది. ఏ పద్ధతి అయినా, దారి దొరకనప్పుడు "ఇదిగో నీ సమస్యకు మూలం" అని వేలెత్తి చూపడం దానికి కష్టం; తాను ఎక్కడ ఆగిపోయిందో మాత్రమే చెప్పగలదు.

"హెల్డ్ బ్రోకెన్ ప్యాకేజెస్" అన్న వాక్యం చాలామందిని తప్పుదోవ పట్టించేది ఇందుకే. అది చదివి, ఎవరో ప్యాకేజీలను పట్టి ఉంచారని, ఆ పట్టు విడిపిస్తే చాలునని అనుకుంటారు. ఆప్ట్‌మార్క్ షోహోల్డ్ అనే కమాండు నిజంగా పట్టి ఉంచిన ప్యాకేజీల పేర్లు చెబుతుంది. మా యంత్రంలో అది ఖాళీగా వచ్చింది, చాలా యంత్రాలలో ఖాళీగానే వస్తుంది. ఆ వాక్యానికి ఆచరణలో ఉన్న అర్థం ఒకటే: ఇప్పుడున్న స్థితిని కదపకుండా నువ్వు అడిగినది ఇవ్వడానికి నాకు దారి దొరకలేదు.

మా దారి ఎలా దొరికిందో చెబుతాను. స్కానరు సాఫ్ట్‌వేర్‌ను వదిలేసి, సందేశంలో పేరున్న 32 బిట్ల జీలిబ్‌ను మాత్రమే విడిగా ఇన్‌స్టాల్ చేయమని ఆప్ట్‌ను అడిగాము. ఈసారి అది లిబ్‌సెలినక్స్ పేరు చెప్పింది. దానిని అడిగితే పీసీఆర్ఈ2 పేరు చెప్పింది. స్కానరుకు, సెలినక్స్ భద్రతా వ్యవస్థకు సంబంధమేమిటని సందేహం రావచ్చు; జీలిబ్ ఫైళ్ల వివరాలు చూసేటప్పుడు వాటి భద్రతా గుర్తులను కూడా చదవగలదు కనుక లిబ్‌సెలినక్స్ కావాలి, ఆ గుర్తుల నియమాలు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో, అంటే అక్షరాల నమూనాలను తెలిపే సంకేతాలలో, రాసి ఉంటాయి కనుక వాటిని పోల్చి చూసే పీసీఆర్ఈ2 దానికి కావాలి. పీసీఆర్ఈ2ను అడిగినప్పుడు గాని అసలు మాట బయటకు రాలేదు: సిస్టమ్‌లో ఉన్న 64 బిట్ల పీసీఆర్ఈ2, తనతో సమానం కాని వెర్షన్ గల 32 బిట్ల పీసీఆర్ఈ2ను రానివ్వడం లేదు.

ఇది లోపం కాదు, నియమం. ఒకే లైబ్రరీని 64 బిట్లలోను, 32 బిట్లలోను పక్కపక్కన ఉంచుకోవచ్చు గాని, రెండింటి వెర్షన్ అక్షరం తేడా లేకుండా ఒకటే కావాలి. అవి పంచుకునే ఫైళ్లు కొన్ని ఉంటాయి కనుక ఈ కట్టుబాటు పెట్టారు. మా యంత్రంలో 64 బిట్లది 10.42. ఉబుంటు 22.04 రిపాజిటరీలో దొరికే 32 బిట్లది 10.39.

ఉబుంటు వద్ద 10.39 మాత్రమే ఉంటే 10.42 ఎక్కడిది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పే కమాండు ఆప్ట్ పాలసీ. నా దృష్టిలో ఈ మొత్తం పనిలో దీనిని మించిన సాధనం లేదు. ప్యాకేజీ పేరు ఇస్తే, ఇప్పుడు ఉన్న వెర్షన్ ఏది, ఆప్ట్ ఎంచుకోదలచినది ఏది, ఒక్కొక్క వెర్షన్ ఏ రిపాజిటరీ నుంచి వస్తోంది, దానికి ఎంత ప్రాధాన్యం అన్నది పట్టికలా చూపిస్తుంది. మామూలు రిపాజిటరీల ప్రాధాన్యం 500. ఇప్పటికే సిస్టమ్‌లో ఉన్న దానికి 100. మూడు నక్షత్రాలున్న వరుస ఇప్పుడు ఇన్‌స్టాల్ అయి ఉన్న వెర్షన్. ఆ వరుస కింద డీపీకేజీ వారి సొంత స్టేటస్ ఫైలు తప్ప మరే రిపాజిటరీ పేరూ లేకపోతే, ఆ ప్యాకేజీని ఇప్పుడు ఎవరూ సరఫరా చేయడం లేదని అర్థం. మా పీసీఆర్ఈ2 సరిగ్గా అలాగే కనిపించింది.

తవ్వితే కథ తేలింది. ఏడాది క్రితం ఒక విద్యార్థి ప్రాజెక్టు కోసం, 20.04లో ఉన్న పీహెచ్‌పీ (వెబ్‌సైట్లు రాసే భాష) కన్నా కొత్తది కావాలని, ఆ యంత్రానికి బయటి రిపాజిటరీ ఒకటి జోడించాము. అది పీహెచ్‌పీతో పాటు దానికి కావలసిన కొన్ని లైబ్రరీలను కూడా కొత్త వెర్షన్లలో ఇచ్చింది. 22.04కు మారేటప్పుడు ఉబుంటు అప్‌గ్రేడ్ సాధనం తన పద్ధతి ప్రకారం బయటి రిపాజిటరీలన్నింటినీ నిలిపివేసింది. అది నిలిపివేసేది దారిని మాత్రమే. ఆ దారిన వచ్చిన సరుకు ఇంట్లోనే ఉంటుంది. ఉబుంటు ఇచ్చే 10.39 కన్నా అక్కడున్న 10.42 పెద్దది కనుక, ఆప్ట్ తనంతట తానుగా పెద్ద వెర్షన్ నుంచి చిన్నదానికి దిగదు కనుక, ఆ లైబ్రరీ కొత్త సిస్టమ్‌లో పాత అతిథిగా మిగిలిపోయింది. అప్‌గ్రేడ్ ఏ తప్పూ లేకుండా పూర్తయినట్టు కనిపించడానికి, వారం తరువాత స్కానరు దగ్గర తగువు రావడానికి కారణం ఇదొక్కటే.

మందు చిన్నదే. పీసీఆర్ఈ2ను, అదే మూలం నుంచి తయారైన దాని తోబుట్టువులను, వాటిని పట్టుకొని ఉన్న పీహెచ్‌పీని 22.04 రిపాజిటరీలోని వెర్షన్లకు దించాము. కావలసిన వెర్షన్‌ను ప్యాకేజీ పేరు పక్కన సమాన చిహ్నంతో రాస్తే ఆప్ట్ దించుతుంది. బయటి రిపాజిటరీ ఇంకా జోడించి ఉంటే పీపీఏ పర్జ్ అనే సాధనం ఈ పనిని ఒకేసారి చేస్తుంది. వెర్షన్ దించడం డెబియన్ లోకంలో హామీ ఉన్న పని కాదన్నది మరువకూడదు. ప్యాకేజీలలోని స్క్రిప్టులు ముందుకు వెళ్లడానికి రాసినవి. తనకంటూ డేటా ఏదీ దాచుకోని లైబ్రరీకి ఇది సాధారణంగా క్షేమమే. డేటాబేస్ సర్వర్‌కు, ముఖ్యంగా అన్నింటికీ పునాదియైన లిబ్‌సీ6కు ఈ ప్రయోగం చేయవద్దని గట్టిగా చెబుతాను.

ఇంతకూ అన్ని చిక్కులూ బయటి రిపాజిటరీల వల్లే రావు. కొన్ని, పంపిణీదారులే తలపెట్టిన పెద్ద మార్పుల వల్ల వస్తాయి. వాటిలో ఈ మధ్యకాలపు అతి పెద్దది 2024లో డెబియన్, ఉబుంటులు చేపట్టిన కాలమాన మార్పు. 32 బిట్ల సంఖ్యలో సెకన్లను లెక్కపెట్టే పద్ధతి 2038 జనవరి 19న, మన కాలమానం ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్ల దగ్గర నిండిపోతుంది. దానికి ముందే 32 బిట్ల ఆర్మ్ వంటి యంత్రాలలో సమయాన్ని 64 బిట్లకు పెంచాలని నిర్ణయించారు. సమయం పరిమాణం మారితే లైబ్రరీకి, దానిని వాడే ప్రోగ్రాముకు మధ్య ఒప్పందం మారినట్టే. పాత ప్రోగ్రాము కొత్త లైబ్రరీతో మాట్లాడితే తప్పుడు లెక్కలు వస్తాయి. అందుకని వందలాది లైబ్రరీల ప్యాకేజీ పేర్ల చివర టీ64 అన్న గుర్తు చేర్చి, పాతవీ కొత్తవీ కలవకుండా చూశారు. మనం వాడే 64 బిట్ల ఇంటెల్, ఏఎండీ యంత్రాలలో ఒప్పందమేమీ మారలేదు గాని, పేర్లు మాత్రం అక్కడా మారాయి. ఆ యంత్రాలలో కొత్త ప్యాకేజీలు పాత పేరును "ప్రొవైడ్స్" ద్వారా ప్రకటించాయి కనుక చాలావరకు ఇబ్బంది రాలేదు.

అయితే ఉబుంటు 24.04లో శబ్దానికి సంబంధించిన లిబ్‌ఎసౌండ్2ను పాత పేరుతో అడిగినవారికి, అది నిజమైన ప్యాకేజీ కాదని, ఒకటికి మించిన ప్యాకేజీలు ఆ పేరును అందిస్తున్నాయని, ఒకదాన్ని ఎంచుకోమని ఆప్ట్ జవాబిస్తుంది. పాత సూచనలను చూసి కమాండ్లు కొట్టేవారు దీనిని విరిగిన సిస్టమ్‌గా భావిస్తారు. టీ64 గుర్తున్న పేరుతో అడిగితే సమస్య అక్కడితో ముగుస్తుంది. ఇటువంటి చోట రిపాజిటరీలను, ప్రాధాన్యాలను కెలకడం లేని రోగానికి మందు వేయడమే.

నెట్‌లో పంపే సమాచారాన్ని రహస్య సంకేతాలలోకి మార్చే ఓపెన్ఎస్ఎస్ఎల్ కథ ఇంతకన్నా ప్రమాదకరమైనది. 22.04లో 3.0 శాఖ వచ్చి 1.1 లైబ్రరీ తొలగిపోయింది. పాత సాఫ్ట్‌వేర్ కొన్ని లిబ్‌ఎస్ఎస్ఎల్1.1 కావాలని మొరాయించగానే, 20.04 రిపాజిటరీ నుంచి ఆ ఒక్క ఫైలును దింపి పెట్టేయమని ఎందరో సలహా ఇచ్చారు. పెడితే పని జరుగుతుంది, నిజమే. కానీ ఆ 1.1.1 శాఖకు మూల ప్రాజెక్టు ఉచిత మద్దతు 2023 సెప్టెంబరులో ముగిసింది. అలా చేత్తో పెట్టిన ప్యాకేజీకి తరువాత ఏ సవరణా చేరదు. ఫీజుల లావాదేవీలు జరిగే యంత్రంలో ఈ పని నేను చేయను, ఇంకొకరిని చేయనివ్వను.

మధ్యలో తెగిపోయిన అప్‌గ్రేడ్ మరో జాతి సమస్య. మా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలవారికి ఇది ఊహాజనితమైనది కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస పరిసరాలను, ఉద్దానాన్ని దెబ్బతీసిన తరువాత అనేక గ్రామాలలో రోజుల తరబడి కరెంటు లేదు. తుపాను లేని వేసవి సాయంత్రం కూడా కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేము. డీపీకేజీ ప్రతి ప్యాకేజీకి ముందు ఫైళ్లు విప్పి, తరువాత అమర్పు స్క్రిప్టు నడుపుతుంది. ఈ రెండింటి మధ్య కరెంటు పోతే, విప్పి ఉంది గాని అమరలేదన్న స్థితిలో పదులకొద్దీ ప్యాకేజీలు మిగిలిపోతాయి. తాను ఎక్కడ ఆగిందో డీపీకేజీ రాసి పెట్టుకుంటుంది కనుక, మిగిలినవన్నీ అమర్చమని చెప్పే డీపీకేజీ కాన్ఫిగర్ కమాండును మొదట, ఆప్ట్ ఫిక్స్ బ్రోకెన్‌ను తరువాత నడిపితే చాలా యంత్రాలు లేచి కూర్చుంటాయి. ఈ వరుస తప్పించి, ముందే ప్యాకేజీలను తొలగించడం మొదలుపెట్టినవారే ఎక్కువగా నష్టపోవడం చూశాను. స్టేటస్ ఫైలే దెబ్బతింటే దాని పాత ప్రతులు వార్ డైరెక్టరీలోని బ్యాకప్స్‌లో ఉంటాయి. డిస్కులోని బూట్ విభాగం నిండిపోయి కొత్త కెర్నల్ (సిస్టమ్‌కు గుండె వంటి ప్రోగ్రాము) అమరక ఆగిన సందర్భం కూడా పైకి ఇలాగే కనిపిస్తుంది. డిస్కులో చోటు చూసుకోవడం ఒక నిమిషం పని.

ఇక బలవంతపు మార్గాల సంగతి. డీపీకేజీకి ఫోర్స్ అనే మాటతో మొదలయ్యే ఆప్షన్లు చాలా ఉన్నాయి. వాటన్నింటినీ ఒకే గాటన కట్టడం సరికాదు. ఒక ఫైలు పాత ప్యాకేజీ నుంచి కొత్తదానికి మారినప్పుడు, ఆ సంగతి ప్రకటించడం ప్యాకేజీ తయారు చేసినవారు మరచిపోతే, ఆ ఫైలు వేరొకరిదంటూ డీపీకేజీ ఆగిపోతుంది. రెండూ ఒకే కుటుంబంలోని ప్యాకేజీలని నిర్ధారించుకున్న తరువాత ఫోర్స్ ఓవర్‌రైట్ వాడటంలో పెద్ద హాని లేదు. ఫోర్స్ డిపెండ్స్ అలాంటిది కాదు. లేని ఆధారం ఉన్నట్టు నటిస్తుంది గాని, లేదన్న నిజం డేటాబేసులో అలాగే ఉంటుంది. ఆ తరువాత ఏది అడిగినా ఆప్ట్ ముందు దీన్ని చక్కబెట్టమంటుంది, చక్కబెట్టడమంటే తరచుగా మీరు బలవంతంగా పెట్టినదానిని తీసేయడమే.

తొలగింపుల జాబితాను చదవకుండా అవునని కొట్టడం దీనికి తోబుట్టువు వంటి తప్పు. ఆప్ట్ అప్‌గ్రేడ్ ఏ ప్యాకేజీనీ తొలగించదు; ఫుల్ అప్‌గ్రేడ్ అవసరమనుకుంటే తొలగిస్తుంది. 2021లో ఉబుంటు ఆధారంగా చేసిన పాప్ ఓఎస్‌లో, ఆటలు ఆడుకునే స్టీమ్‌ను ఇన్‌స్టాల్ చేయబోయిన ఒక వినియోగదారుకు, డిపెండెన్సీ పొరపాటు వల్ల డెస్క్‌టాప్ మొత్తాన్ని తొలగిస్తానని ఆప్ట్ హెచ్చరించినా, ఆయన ఒప్పుకోలు వాక్యాన్ని టైపు చేయడం, డెస్క్‌టాప్ పోవడం ప్రపంచమంతా చూసింది. అత్యవసర ప్యాకేజీలను అలా ఒక వాక్యంతో తీసేసే వీలును ఆప్ట్ రచయితలు ఆ తరువాత తొలగించారు. అయినా అత్యవసరం అన్న ముద్ర లేనివి మనకు అత్యవసరం కావచ్చు. మా యంత్రాలలో తెలుగు టైపింగుకు వాడే ఐబస్ ఎం17ఎన్, తెలుగు ఫాంట్ల ప్యాకేజీ అటువంటివి. అవి మరేదో పెద్ద ప్యాకేజీ వెంట వచ్చినవైతే, ఆ పెద్దది పోయినప్పుడు, ఇక అక్కరలేదనుకున్నవాటిని తీసేసే ఆటోరిమూవ్ కమాండు వాటినీ ఊడ్చేస్తుంది. వాటిని ఆప్ట్‌మార్క్ మాన్యువల్‌తో ముందే మనవిగా ప్రకటించుకుంటే ఉంటాయి.

ఒక మాట కొత్తవారి కోసం. కొన్ని ప్యాకేజీలను "కెప్ట్ బ్యాక్" (ఆపి ఉంచినవి) అని చూపిస్తే ప్రతిసారీ ఏదో తప్పు జరిగిందని కాదు. ఉబుంటు కొన్ని నవీకరణలను అందరికీ ఒకేసారి ఇవ్వకుండా విడతలుగా విడుదల చేస్తుంది; మన విడత రానంతవరకు అవి ఆగి ఉంటాయి. నాలుగు రోజులు ఆగితే వాటంతట అవే వస్తాయి.

24.04కు మారే ముందు నా పద్ధతి మార్చుకున్నాను. ఏ రిపాజిటరీలోనూ దొరకని ప్యాకేజీల జాబితా ఇమ్మని ఆప్ట్‌ను అడగవచ్చు. ఆప్ట్ లిస్ట్‌కు అబ్సొలీట్ అన్న షరతు ఇస్తే చాలు. ప్రతి యంత్రంలోను ఆ జాబితా తీసి, ఒక్కొక్క పేరు ఎందుకు వచ్చిందో రాసుకొని, కారణం దొరకనివాటిని పాత సిస్టమ్‌లోనే తీసేశాము. బయటి రిపాజిటరీలను అప్‌గ్రేడ్ సాధనం నిలిపివేసేదాకా ఆగకుండా, ముందే వాటి ప్యాకేజీలతో సహా వెనక్కి తిప్పాము. ఆప్ట్‌కు సిమ్యులేట్ ఆప్షన్ ఇచ్చి ఏవి పోతాయో ముందుగా చదివాము. యూపీఎస్ బ్యాటరీలు చూసుకొని ఉదయం పూట మొదలుపెట్టాము. స్కానరు ఉన్న యంత్రంలో జాబితా విప్పితే, ఎవరికీ గుర్తులేని ఒక వీడియో ప్లేయరు, రెండు పాత కెర్నల్ మాడ్యూళ్లు, తయారీదారు ఇచ్చిన ఆ 32 బిట్ల స్కానరు సాఫ్ట్‌వేర్ కనిపించాయి. మొదటి మూడింటినీ తీసేశాము, నాలుగోదానిని ఉంచాము. దానికి కావలసిన 32 బిట్ల లైబ్రరీలు 24.04లో కూడా ఉన్నాయని, వాటి వెర్షన్లు 64 బిట్ల వాటితో సరిపోతున్నాయని ఒక్కొక్కటిగా ఆప్ట్ పాలసీలో చూసిన తరువాతే ఆ యంత్రంలో అప్‌గ్రేడ్ మొదలుపెట్టాము.